రెండర్ ఎక్కడ ఆగింది?

పెళ్ళి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి ఎవరినైనా కదిపి చూడండి, రెండర్ మధ్యలో ఆగిపోతే ముందు ఏం చేస్తావని. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కిస్తానంటాడు. ర్యామ్ చాలట్లేదంటాడు. ఇంకొకడు విండోస్ ఫార్మాట్ కొట్టేస్తే శని వదులుతుందంటాడు. నేను ఈ మూడూ అన్నవాణ్ణే, మూడూ చేసినవాణ్ణే. వీటన్నిటికంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఆగింది ఎక్కడ? ఎంత శాతం దగ్గర అని నేనడగట్లేదు. టైమ్‌లైన్ మీద ఏ నిమిషంలో, ఏ క్లిప్పు మీద? ఆ ఒక్క సంగతి చూసుకోక నేను కొన్న సామాను, పాడుచేసుకున్న నిద్ర, పోగొట్టుకున్న బేరం గురించి చెబుతాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన కుర్రాళ్ళకి రెండు రూపాయలైనా మిగలొచ్చు.

మా యూనిట్ తణుకులో. టేపుల కాలంలో మొదలైంది. డీవీ టేపు పెట్టి ఫైర్‌వైర్ కేబుల్ మీద కంప్యూటర్‌లోకి లాక్కోవడం, కోసి పాటలు పెట్టడం, డీవీడీ కొట్టివ్వడం. అప్పట్లో రెండర్ అంటే భయమే లేదు. రాత్రి పెట్టేసి షట్టరు దించుకుని ఇంటికెళితే పొద్దున్నకి ఫైలు తయారుగా ఉండేది. తర్వాత హెచ్‌డీ కెమెరాలొచ్చాయి. పక్క ఊరి స్టూడియోవాడు కొన్నాడని మేమూ కొన్నాం. కెమెరా అయితే కొన్నాం గానీ, దాని ఫైలు కడుపులో ఏముందో తెలుసుకోలేదు.

డీవీ ఫ్రేము 720 బై 576. హెచ్‌డీ ఫ్రేము 1920 బై 1080. గుణించి చూస్తే రెండోది మొదటిదానికి సరిగ్గా ఐదు రెట్లు. కంప్రెషన్ ఏమీ లేకుండా లెక్కేస్తే, సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 155 మెగాబైట్ల పైచిలుకు. కానీ కార్డులోంచి కాపీ చేసుకున్న ఫైళ్ళ సైజు చూసి మోసపోయాను. గంట డీవీ టేపు 13 జీబీలు తినేది. మా కెమెరా తీసేది ఏవీసీహెచ్‌డీ, అంటే సోనీ, పానసోనిక్ కలిసి 2006లో తెచ్చిన పద్ధతి. అందులో 17 మెగాబిట్ల మీద తీసిన గంట వీడియో ఎనిమిది జీబీల లోపే. బొమ్మ చూస్తే ఐదు రెట్లు, ఫైలు చూస్తే సగానికి కాస్త పైన. ఇంకేం, సిస్టమ్‌కి పని తగ్గిందనుకున్నాను.

పని తగ్గడం మాట అటుంచండి. డీవీలో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ. ఏవీసీహెచ్‌డీ ఒక పూర్తి ఫ్రేము రాసుకుని, దాని తర్వాతి ఫ్రేముల్లో ఏం మారిందో అంతవరకే రాసుకుంటుంది. కొన్ని ఫ్రేములైతే ముందున్నదాన్నీ వెనక రాబోయేదాన్నీ రెండిటినీ చూస్తేగానీ విడిపడవు. మధ్యలో ఎక్కడో మనం ఒక కోత పెడితే, ఆ ఒక్క ఫ్రేము చూపించడానికి కంప్యూటర్ వెనక్కి పోయి పూర్తి ఫ్రేము దగ్గర్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. మడతల మీద మడతలేసి చిన్న పెట్టెలో కుక్కిన పట్టుచీర అన్నమాట ఆ ఫైలు. పెట్టె చూసినవాడికి బరువు తెలియదు, విప్పి ఇస్త్రీ చేసేవాడికి తెలుస్తుంది. మా పాత సిస్టమ్‌కి ఆ ఇస్త్రీ పని అప్పజెప్పి, వెనకటిలాగే రాత్రి షట్టరు దించుకుని వెళ్ళిపోవడం మొదలుపెట్టాను.

2011 ఆషాఢం. మా వృత్తిలో ఆషాఢం సంగతి వేరు. పెళ్ళిళ్ళుండవు కాబట్టి సీజన్లో పేరుకుపోయిన పనంతా అప్పుడే తెముల్చుకుంటాం. పైగా కొత్త పెళ్ళికూతురు పుట్టింట్లో ఉంటుంది, ఇంటిల్లిపాదికీ క్యాసెట్టు చూసుకోవాలని ఆరాటం. (టేపులు పోయి ఎన్నేళ్ళయినా మావైపు పెద్దవాళ్ళకి అది క్యాసెట్టే.) ఆ పార్టీవాళ్ళది రైసు మిల్లు. పెళ్ళికూతురి నాన్నగారు మాట పెళుసు, డబ్బు దగ్గర మాత్రం పెద్దమనిషి. "అమ్మాయి శ్రావణంలో అత్తారింటికి వెళ్ళిపోద్దండీ. ఈలోపు ఇచ్చెయ్యాలి మరి" అని ఒక్కటే చెప్పి వెళ్ళారు.

రెండు గంటల వీడియో. రెండర్ పెడితే 31 శాతం దగ్గర ఆగింది. ఆగడమంటే ఎర్రర్ చూపించి ఆగలేదు, సాఫ్ట్‌వేరే తెర మీంచి మాయమైపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే. సాఫ్ట్‌వేర్ తీసి మళ్ళీ ఎక్కించాను. అదే కథ. కంప్యూటర్ షాపుకెళ్ళాను. "రెండు జీబీలతో హెచ్‌డీ ఏంటండీ బాబూ" అని నవ్వాడతను. ఎనిమిది జీబీల ర్యామ్ వేయించుకుని వచ్చి చూస్తే విండోస్ మూడు జీబీల పైన కొద్దిగా చూపిస్తోంది. మిగతాది ఏమైందని ఫోన్ చేస్తే "అది లోపల వాడుకుంటదండి" అన్నాడు. నమ్మాను. మాది 32-బిట్ విండోస్. దానికి నాలుగు జీబీలకు మించి లెక్కే రాదు, అందులోనూ ఏ ఒక్క ప్రోగ్రాముకైనా ఇచ్చే చోటు మామూలుగా రెండు జీబీలే. ర్యామ్ ఎనిమిది పెట్టినా పదహారు పెట్టినా నా మిక్సింగ్ సాఫ్ట్‌వేర్ ఆ రెండు జీబీల గదిలోనే కూర్చోవాలి. ప్రీమియర్ ప్రో సీఎస్5 అంతకుముందు ఏడాదే, 2010లో, విండోస్‌లో అయితే 64-బిట్ మీద తప్ప ఎక్కనని భీష్మించుకుని మరీ వచ్చింది. ఎందుకలా వచ్చిందో ఆలోచించినా నాకు విషయం బోధపడేది. నేను మాత్రం "ఈ కంపెనీవాళ్ళకి మనచేత కొత్త విండోస్ కొనిపించడమే పని" అని విసుక్కున్నాను.

తర్వాత చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం చాలా తెలివైన పననుకున్నాను. ఒకే సాయంత్రం గ్రాఫిక్స్ కార్డు మార్చాను, దాంతోపాటు ఎన్‌కోడింగ్ సెట్టింగులో టూ పాస్ తీసేసి వన్ పాస్ పెట్టాను. రెండర్ 31 దాటింది. నలభై దాటింది. యాభై దాటింది. మా కుర్రాడికి మిర్చిబజ్జీలు తెమ్మని డబ్బులిచ్చాను. 63 దగ్గర మాయమైంది. అయినా నాకు బెంగ కలగలేదు. "కార్డు పనిచేసిందిరా! ఇంతకుముందు 31, ఇప్పుడు 63. ఇంకొంచెం మంచి కార్డయితే వందకి వెళ్ళిపోద్ది" అన్నాను.

టూ పాస్‌లో సాఫ్ట్‌వేర్ వీడియో మొత్తాన్ని రెండుసార్లు చదువుతుంది. మొదటిసారి ఎక్కడ కదలిక ఎక్కువో, ఎక్కడ తక్కువో కొలుచుకుంటుంది. రెండోసారి ఆ కొలతను బట్టి ఫైలు రాస్తుంది. అంటే మొదటి చదువు పూర్తయ్యేసరికి తెర మీద 50 శాతం. అక్కడ 31 అంటే వీడియోలో 62, 63. వన్ పాస్‌లో 63 అన్నా అదే చోటు. రెండు గంటల్లో 63 శాతమంటే గంటా పదిహేను నిమిషాల 36 సెకన్లు. కాగితం మీద రెండు గీతలు గీస్తే తేలిపోయే లెక్క. రెండు మార్పులు ఒకేసారి చేశాను కాబట్టి, ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలుసుకునే దారి నా చేతులతో నేనే మూసేసుకున్నాను. కొత్త కార్డుకి దణ్ణం పెట్టుకున్నాను.

మా కుర్రాడు పదో తరగతి తప్పి పనిలో చేరినవాడు. వాడే అన్నాడు, "గురువుగారూ, పెళ్ళికూతురు ఏడుపు పాట దగ్గరికొచ్చేసరికే పోతుందండి ప్రతిసారీ" అని. "నీకేం తెలుసురా, నోరు మూసుకుని టీ పట్రా" అన్నాను. టీ తెచ్చాడు. ఇంకేమీ అనలేదు. ఆ మాట వాడన్నప్పుడే విని ఉంటే గ్రాఫిక్స్ కార్డు డబ్బులు మిగిలేవి, ఆషాఢమూ మిగిలేది.

చివరికి పెళ్ళికూతురి నాన్నగారి ఫోన్లకి "రేపండీ" అని చెప్పే ధైర్యం కూడా అయిపోయాక, ఒక రాత్రి ఇంటికెళ్ళకుండా రెండర్ ప్రివ్యూ ముందు కూర్చున్నాను. తలంబ్రాలు అయ్యాయి. అరుంధతీ దర్శనం అయింది. అప్పగింతల ముందు మేమొక ఫోటోల పాట పెడతాం, మా కుర్రాడన్న ఏడుపు పాట అదే. చిన్నప్పటి ఫోటోల నుంచి పెళ్ళి ఆల్బమ్ ఫోటోల దాకా ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా జూమ్ అవుతూ పోతుంటాయి. పాట మొదలైంది. పాత నలుపు తెలుపు ఫోటోలు దాటాయి. పెళ్ళి ఫోటోలు మొదలై కొన్ని వెళ్ళాయో లేదో, తెర ఖాళీ.

ఆ ఫోటోలు కానన్ 550డీ మీద తీసినవి, 18 మెగాపిక్సెళ్ళు. ఆల్బమ్ కోసమని పూర్తి సైజులో తీసినవాటిని అలాగే తెచ్చి టైమ్‌లైన్ మీద పడేశాను. డిస్కు మీద ఒక్కోటి ఆరేడు మెగాబైట్లు. చూడ్డానికి పాపం చిన్నవే. ఇక్కడా సైజే మోసం చేసింది నన్ను. జేపెగ్ ఫోటోని సాఫ్ట్‌వేర్ వాడుకోవాలంటే మెమరీలో పూర్తిగా విప్పి పరచాలి. 5184 బై 3456 అంటే కోటీ 79 లక్షల చుక్కలు. చుక్కకి నాలుగు బైట్ల చొప్పున ఒక్క ఫోటో 72 మెగాబైట్లు. అలాంటివి నలభై పైనే ఉన్నాయి ఆ పాటలో. చూపించేసిన ఫోటోలని నా సాఫ్ట్‌వేర్ వెంటనే వదిలేసేది కాదు. రెండు జీబీల గదిలో అవి ఎంతసేపు పడతాయి? ఇంతా చేసి హెచ్‌డీ తెరకి కావాల్సింది ఇరవై లక్షల చుక్కలు. మిగతా కోటిన్నరా మోసుకొచ్చి పారబోయడానికే.

జూమ్ చేసినప్పుడు బొమ్మ పలచబడకుండా కొంచెం ఎక్కువే ఉంచి, అన్నిటినీ ఫోటోషాప్‌లో 2880 వెడల్పుకి తగ్గించాను. ఒక్కోటి 22 మెగాబైట్లకి దిగింది. ఇమేజ్ ప్రాసెసర్‌కి ఫోల్డరు చూపించి వదిలేస్తే అదే చేసుకుపోయింది, నేను బయటికెళ్ళి మొహం కడుక్కుని వచ్చేసరికి అయిపోయింది. రెండర్ వందకి వెళ్ళింది. పాత కార్డుతో పెట్టినా వెళ్ళేదే.

క్యాసెట్టు పట్టుకెళ్ళేసరికి శ్రావణం వచ్చేసింది, అమ్మాయి వెళ్ళిపోయింది. ఆయన డబ్బులు మొత్తం లెక్కపెట్టి ఇచ్చారు. ఒక్క మాట అనలేదు. రెండో అమ్మాయి పెళ్ళి కవరేజి వేరే స్టూడియోవాళ్ళు చేశారు.

అప్పట్నుంచి మౌస్ పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకుంటున్నాను. రెండర్ ఆగితే ముందు టైమ్‌లైన్ చోటు రాస్తాను, తర్వాతే ఏదైనా ముట్టుకుంటాను. మార్చేది ఒక్కటే. ఆ ఒక్కటీ మార్చి మళ్ళీ పెట్టి, ఎక్కడ ఆగిందో మళ్ళీ రాస్తాను. పేజీలు నిండేకొద్దీ ఆగడంలో రకాలున్నాయని తెలిసొచ్చింది.

ప్రతిసారీ అదే క్లిప్పు దగ్గర ఆగుతుంటే తప్పు సరుకులో ఉంది, సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు. పెద్ద ఫోటో కావచ్చు, కార్డులోంచి కాపీ అయ్యేటప్పుడు చెడిన ఫైలు కావచ్చు, ఎవరో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన టైటిల్ ప్లగిన్ కావచ్చు. మాకు తరచూ తగిలేది శుభలేఖ. టైటిల్స్‌లో చూపించడానికి ప్రింటింగ్ ప్రెస్సు నుంచి డిజైన్ తెచ్చుకుంటాం. వాళ్ళు ఇచ్చేది అచ్చుకి వాడే నాలుగు రంగుల జేపెగ్. సీఎమ్‌వైకే అంటే కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకి గిట్టదు. ఫోటోషాప్‌లో ఆర్‌జీబీకి మార్చి తెచ్చుకుంటే గొడవుండదు. ఏ క్లిప్పో కంటికి దొరక్కపోతే టైమ్‌లైన్‌ని సగం చేసి రెండర్ పెడతాను. మొదటి సగం సాఫీగా వెళితే దోషం రెండో సగంలో ఉన్నట్టు. దాన్ని మళ్ళీ సగం చేయాలి. రెండు గంటల వీడియో అయినా ఏడు కోతల్లో నిమిషం లోపుకి వచ్చేస్తుంది. ఆ నిమిషంలో ఉండే క్లిప్పులు ఎన్ని, చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇంత తేలిక పద్ధతి ఎవరూ నాకెందుకు చెప్పలేదా అని చాలాకాలం బాధపడ్డాను. చెప్పేవుంటారు, నేను వినివుండను.

క్లిప్పులు అటూ ఇటూ జరిపినా సరే, ఫైలు అంతే సైజుకొచ్చి ఆగుతుంటే టైమ్‌లైన్‌ని వదిలేసి, రాసే చోటు చూడాలి. పెళ్ళివాళ్ళు టీవీకి పెట్టుకుంటామని పెన్‌డ్రైవ్ ఇస్తారు. అది చాలాసార్లు ఎఫ్‌ఏటీ32లో ఉంటుంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు నాలుగు జీబీలు దాటడానికి వీల్లేదు. ఎనిమిది మెగాబిట్ల మీద రెండర్ పెడితే గంటా పది నిమిషాలు దాటగానే గోడ తగులుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకా సగం ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది, అదే మనిషిని తికమక పెట్టేది. నేరుగా పెన్‌డ్రైవ్ మీదికి రెండర్ పెట్టే బద్ధకం నాకుండేది, కాపీ చేసే పని తప్పుతుందని. ఇప్పుడు ముందు హార్డ్‌డిస్కు మీదికే. ఆ తర్వాత ఫైలు రెండు భాగాలు చేసి ఎక్కిస్తాను, పార్టీవాళ్ళ టీవీ ఒప్పుకుంటే ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసి ఒకే ఫైలుగా ఇస్తాను. సీ డ్రైవు నిండిపోయి ఆగడం కూడా ఈ బాపతే. సాఫ్ట్‌వేర్ తన తాత్కాలిక ఫైళ్ళన్నీ మనకి చెప్పకుండా అక్కడే పోస్తుంటుంది.

ఇక ఒకసారి తలంబ్రాల దగ్గర, ఒకసారి గౌరీపూజ దగ్గర, ఒకసారి అసలు ఆగకుండా వెళ్ళిపోతే, ఆ గొడవ యంత్రానిది. రోహిణి కార్తెలో మా షాపులో అదే జరిగేది. రెండర్ అంటే ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి బలం మీద పరిగెత్తడం. వేడెక్కితే ముందు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, హద్దు దాటితే మొత్తం ఆపేస్తుంది. క్యాబినెట్ తెరిచి చూస్తే హీట్ సింక్ మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుని ఉంది, థర్మల్ పేస్టు ఎండి పెళుసెక్కిపోయింది. బ్లోయర్‌తో కొట్టి, పేస్టు మార్చి, ఇక వేసవిలో పెద్ద రెండర్లు రాత్రిపూటే పెట్టాను. అప్పటికీ అప్పుడప్పుడు పోతుంటే మెమ్‌టెస్ట్86 రాత్రంతా తిప్పి చూశాను. ర్యామ్ ముక్కల్లో ఒకటి చెడిపోయి ఉంది. ముచ్చటపడి వేయించిన ఆ ఎనిమిది జీబీల్లోదే.

ఇదంతా ఆగిపోయే రెండర్ల గొడవ. నన్నడిగితే ఆగిపోయే రెండర్ నయం. కనీసం తప్పుందని మొహం మీద చెబుతుంది. వంద శాతం పూర్తయి, "సక్సెస్" అని చూపించి, పార్టీవాళ్ళ హాల్లో టీవీ ముందు పరువు తీసే రెండర్లున్నాయి. ఆ దెబ్బా తిన్నాను.

మా మొదటి హెచ్‌డీ పనుల్లో ఒకటి. కంప్యూటర్ మానిటర్ మీద అద్దంలా ఉంది. ఇంటికి తీసుకెళ్ళి కొత్త ఎల్‌సీడీ టీవీలో పెడితే తలంబ్రాలు వణుకుతున్నాయి. దగ్గరికెళ్ళి చూశాను. దోసిట్లోంచి జారిన గింజలు కిందికి పడుతూ పడుతూ రవ్వంత వెనక్కెళ్ళి మళ్ళీ పడుతున్నాయి. పెళ్ళికొడుకు చెయ్యెత్తితే అంచులు రెండుగా చీలుతున్నాయి. పీటల మీద కదలకుండా కూర్చున్నవాళ్ళు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. అప్పటి కెమెరా ఒక్కో ఫ్రేమునీ రెండు ఫీల్డులుగా, సెకనులో యాభయ్యో వంతు తేడాతో తీసేది. ఒకదాంట్లో బేసి గీతలు, ఒకదాంట్లో సరి గీతలు. మన పాల్ డీవీలో కింది ఫీల్డు ముందు, హెచ్‌డీలో పై ఫీల్డు ముందు. నేను టేపుల నాటి అలవాటుకొద్దీ క్లిప్పులన్నిటికీ "లోయర్ ఫీల్డ్ ఫస్ట్" అని గుర్తు పెట్టేశాను. దాంతో తర్వాత జరిగింది ముందు, ముందు జరిగింది తర్వాత కనిపిస్తోంది. కంప్యూటర్ ప్రివ్యూ రెండు ఫీల్డుల్లో ఒకదాన్నే చూపిస్తే ఈ రోగం బయటపడదు. షాపులో పాత టీవీ ఒకటి ఇందుకే ఉంచాను, దాంట్లో తలంబ్రాల సీను చూడకుండా ఏదీ గడప దాటనివ్వను. ఇప్పుడు అందరూ ప్రోగ్రెసివ్‌లో తీస్తున్నారు కాబట్టి ఈ బాధ తగ్గింది. దాని బదులు ఫోన్లొచ్చాయి. బంధువుల కుర్రాళ్ళు ఊరేగింపు తీసి పంపుతారు. ఫోను ఫ్రేము రేటు నిలకడగా ఉండదు, వెలుతురు తగ్గితే తగ్గిపోతుంది. క్లిప్పు మొదట్లో డప్పు దెబ్బా శబ్దమూ కలిసే ఉంటాయి, పోనుపోను కర్ర ఒకచోట, మోత ఒకచోట. హ్యాండ్‌బ్రేక్ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులో "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" పెట్టి మార్చుకున్నాకే ఫోను వీడియోలని టైమ్‌లైన్ మీదికి రానిస్తాను.

ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను, డిస్కు ధరలు దిగాక. టైమ్‌లైన్ నుంచి నేరుగా ఆఖరి ఫైలు తీయడం మానేశాను. ముందు డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీలో 120 మెగాబిట్ల మీద మాస్టర్ తీస్తాను. అందులో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తి బొమ్మ, మన పాత డీవీ లాగే. రెండు గంటలకి 108 జీబీలు అవుతుంది, నిజమే. కానీ యూట్యూబ్‌కి ఒకటి, పెన్‌డ్రైవ్‌కి ఒకటి, డీవీడీకి ఒకటి ఆ మాస్టర్ నుంచే తీసుకోవచ్చు. ఎక్కడో సెట్టింగు తప్పితే ఫోటోల పాట మొదటికి రాదు.

నా తప్పుల్లో ఒకటి మాత్రం చాలా ఏళ్ళు దిద్దలేకపోయాను. మా కెమెరా రెండు జీబీలు నిండగానే ఆ ఫైలు మూసి కొత్తది మొదలుపెట్టేది, సుమారు పదహారు నిమిషాలకోసారి. ముహూర్తం దగ్గర రికార్డింగ్ ఆపం కదా. ఒక పెళ్ళిలో ఆ మార్పు సరిగ్గా మాంగల్యధారణ దగ్గర పడింది. కార్డులో ఉన్న ఫోల్డర్లన్నిటినీ యథాతథంగా దించుకుని ఉంటే సాఫ్ట్‌వేర్ తనే కలిపేసుకునేది. నేను లోపలి స్ట్రీమ్ ఫోల్డర్లోంచి ఎమ్‌టీఎస్ ఫైళ్ళు మాత్రం ఏరుకుని కార్డు ఫార్మాట్ కొట్టేశాను. టైమ్‌లైన్ మీద రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెడితే అతుకు దగ్గర శబ్దం లేదు. గట్టిమేళం ఉధృతంగా వాయిస్తుంటే డోలు ఒక్కసారి గొంతు నొక్కినట్టు ఆగి మళ్ళీ అందుకుంటోంది. ఏం చేయాలో తోచక దాని మీద సినిమా పాట వేసి కప్పేశాను. క్యాసెట్టు చూసిన ఆ పెళ్ళివాళ్ళ నాయనమ్మ గారు అడిగారట, "తాళి కట్టేటప్పుడు మేళం ఏదిరా?" అని.

అతుకు దగ్గర శబ్దం పోలేదనీ, దాని తాలూకు ముక్క సగం ఈ ఫైలు చివర, సగం ఆ ఫైలు మొదట్లో ఉండిపోయిందనీ చాలాకాలం తర్వాత తెలిసింది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ అని కొట్టి, స్లాష్ బి పెట్టి, రెండు ఫైళ్ళ పేర్ల మధ్య ప్లస్ గుర్తు పెడితే ఒకదాని తోకకి ఒకటి అచ్చంగా అతుక్కుంటాయి. ఏ సాఫ్ట్‌వేరూ కొనక్కర్లేదు. బీరువా అడుగునున్న పాత హార్డ్‌డిస్కు తీసి, దేవుడి దయవల్ల అది తిరిగితే, ఆ రెండు ఫైళ్ళూ కలిపాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. డోలు ఆగలేదు.

వాళ్ళకి ఫోన్ చేశాను. పెళ్ళికొడుకు ఎత్తాడు, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి. సంగతంతా చెప్పి, కొత్తగా డీవీడీ కొట్టిస్తానన్నాను. "డీవీడీ ఏం చేసుకుంటామండీ, ప్లేయరెక్కడుంది ఇంట్లో? వాట్సాప్‌లో పెట్టెయ్యండి" అన్నాడు. మాంగల్యధారణ వరకు కోసి డాక్యుమెంటుగా పంపాను. వీడియోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది.